ఖాళీ చేయమని చెప్పేది ఒకరు, బస్సు పంపాల్సింది ఎవరు?

అమెరికా తూర్పు, దక్షిణ తీరాల్లో ఏటా జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. టాంపా వైపో హ్యూస్టన్ వైపో పెద్ద హరికేన్ వస్తోందని టీవీలో స్క్రోలింగ్ మొదలవగానే గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు టెన్షన్. ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న చాలా ఇళ్లలో ఒకటే: "గవర్నమెంటోళ్లు వచ్చి తీసుకెళ్లట్లేదా?" అవతలి నుంచి "లేదమ్మా, మేమే కారేసుకుని వెళ్లాలి" అని జవాబు. అంత డబ్బున్న దేశంలో ఇదేం పద్ధతో వీళ్లకు ఓ పట్టాన అర్థం కాదు.

మన తీరంలో తుపాను అంటే కలెక్టరు గుర్తొస్తారు. లోతట్టు గ్రామాల్లో రెవెన్యూ సిబ్బంది తిరుగుతారు, దండోరా వేయిస్తారు, వాహనాలు పెట్టి స్కూళ్లకో తుపాను షెల్టర్లకో జనాన్ని చేరుస్తారు, అక్కడ వంటలు వండిస్తారు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది కొట్టుకుపోయాక క్రమంగా స్థిరపడిన పద్ధతి ఇది. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా సంస్థకు కలెక్టరే చైర్మన్. లోపాలుంటే పేపర్లో తిట్టడానికి కూడా ఒక మనిషి, ఒక ఆఫీసు ఉన్నాయి.

అమెరికాలో అలాంటి ఒక్క ఆఫీసును వేలు పెట్టి చూపించలేం. ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఎవరిదో చట్టాల్లో బాగానే రాసి ఉంది. కదల్లేని వాళ్లను కదిలించాల్సిన బాధ్యత ఎవరిదన్న దగ్గరే చిక్కంతా. 2005లో కత్రినా హరికేన్‌కు లూసియానా రాష్ట్రంలోని న్యూ ఓర్లీన్స్ నగరం మునిగింది ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే.

మయామీ నుంచి మేయర్ దాకా: ఎవరి చేతిలో ఏముంది

ముందు మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్. ఇది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ. హరికేన్ ఎటు కదులుతోంది, ఉప్పెన ఎన్ని అడుగులు లేవొచ్చు అని చెబుతుంది. ప్రమాదకరమైన గాలులు మొదలవడానికి సుమారు 48 గంటల ముందు 'వాచ్', 36 గంటల ముందు 'వార్నింగ్' ఇస్తుంది. కత్రినా నాటికి ఈ గడువులు 36, 24 గంటలే. వార్నింగ్ వచ్చిందంటే ఖాళీ చేయాలని కాదు. ఆ మాట చెప్పే అధికారం ఈ సెంటర్‌కు లేదు.

ఆ మాట చెప్పేది సాధారణంగా స్థానిక ప్రభుత్వం. ఊరికి మేయర్, జిల్లా లాంటి కౌంటీకి కౌంటీ పాలకులు. లూసియానాలో కౌంటీని పారిష్ అంటారు, దానికి పారిష్ ప్రెసిడెంట్ ఉంటారు. టెక్సాస్‌లో ఈ పని చేసేది 'కౌంటీ జడ్జి'. పేరు చూసి కోర్టు అనుకుంటాం గానీ, ఆయన ప్రధానంగా ఆ కౌంటీ పాలనాధిపతి. హ్యూస్టన్‌కు కొత్తగా వెళ్లిన మనవాళ్లు మొదటి హరికేన్‌కు "జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారంటే ఇదేదో కోర్టు ఆర్డరేమో" అని కంగారుపడటం మామూలే.

వీళ్లపైన గవర్నర్. చాలా రాష్ట్రాల్లో గవర్నర్ కూడా ఖాళీ చేయమని ఆదేశించవచ్చు. అయితే ఆయన చేతిలో ఉన్న అసలు బలం హైవేలు, రాష్ట్ర పోలీసులు, నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సైనిక దళం. జనం వేగంగా బయటపడాలంటే హైవేలో రెండు వైపులా బయటికే బండ్లు నడపాలి. దీన్నే కాంట్రాఫ్లో అంటారు. మేయర్ ఒక్కడూ అనుకుంటే అయ్యే పని కాదిది. పక్క రాష్ట్రం ఒప్పుకోవాలి, ప్రతి ర్యాంపు దగ్గరా పోలీసు నిలబడాలి.

అందరికంటే పైన ప్రెసిడెంట్, ఫెమా అనే ఫెడరల్ విపత్తు సంస్థ. 1988 నాటి స్టాఫర్డ్ చట్టం ప్రకారం మామూలుగా గవర్నర్ అడిగితేనే ఫెడరల్ సాయం కదులుతుంది. న్యూ ఓర్లీన్స్ వీధిలోకి వచ్చి ఇల్లు ఖాళీ చేయమని ప్రెసిడెంట్ చెప్పరు. ఫెమాకు మన ఆర్టీసీ లాంటి బస్సుల డిపోలూ ఉండవు. కాంట్రాక్టులు కుదుర్చుకుంటుంది, ఖర్చులు తిరిగి చెల్లిస్తుంది.

అంటే మాట చెప్పే అధికారం కింద ఉంది, డబ్బూ బండ్లూ పైన ఉన్నాయి. కింది వాళ్లు అడిగేదాకా పైవాళ్లు ఆగుతారు. ఏం అడగాలో కింది వాళ్లకు తెలిసేసరికి గాలి మొదలవుతుంది.

"తప్పనిసరి" ఉత్తర్వు ఎంత తప్పనిసరి?

ఉత్తర్వులు రెండు రకాలు. ఒకటి స్వచ్ఛందం, అంటే వెళ్తే మంచిదని సలహా. రెండోది తప్పనిసరి. వినడానికి రెండోది కఠినంగా ఉంటుంది. కాగితం మీద నిజంగానే కఠినం. ఫ్లోరిడాలో దాన్ని ధిక్కరించడం చిన్నపాటి నేరం. టెక్సాస్ చట్టం ఇంకో అడుగు వేసి, తెలిసి తెలిసి ఉండిపోయినవాళ్ల నుంచి తర్వాత రక్షణ ఖర్చు వసూలు చేసే వీలు కల్పించింది. మన విపత్తు చట్టంలోనూ ఆదేశాలు పాటించకపోతే జైలు శిక్ష ఉంది.

ఆచరణలో పోలీసులు తలుపులు పగలగొట్టి ఎవరినీ లాక్కెళ్లరు. అంత సిబ్బంది లేరు, ఉన్నా అది రాజకీయంగా చెల్లదు. బదులుగా భయపెడతారు. 2017లో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు టెక్సాస్‌లోని రాక్‌పోర్ట్ అధికారి ఒకరు, ఉండిపోతామన్నవాళ్లు తమ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు చేతి మీద మార్కర్ పెన్నుతో రాసుకోవాలన్నారు. శవాన్ని గుర్తుపట్టడానికి అన్నమాట! 2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ ముందు టాంపా మేయర్ జేన్ కాస్టర్ టీవీలో సూటిగానే చెప్పారు: ఖాళీ చేయమన్న ప్రాంతంలో ఉండిపోతే చచ్చిపోతారని.

మరి ఈ ఉత్తర్వుకు ఉన్న విలువేమిటి? గాలి ఓ స్థాయి దాటాక అంబులెన్స్, ఫైరింజన్ బయటికి రావు. తప్పనిసరి ఉత్తర్వు అంటే "ఇక్కడినుంచి మీకు సాయం అందకపోవచ్చు, ముందే చెప్పాం" అని అధికారికంగా నోటీసు ఇవ్వడం.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. లూసియానా చట్టం గవర్నర్, పారిష్ ప్రెసిడెంట్లు జనాన్ని ఖాళీ చేయించవచ్చు అంటుంది. చేయించి తీరాలి అనదు. పైగా విపత్తు వేళ తీసుకున్న నిర్ణయాలకు అధికారులకు కేసుల నుంచి విస్తృతమైన రక్షణ ఇస్తుంది. అందుకే ఎన్నికల్లో ఓడిపోవడం, విచారణ కమిటీల ముందు తలదించుకోవడం తప్పితే, ఆలస్యం చేసిన అధికారిని కోర్టులో నిలబెట్టి ఓడించడం చాలా కష్టం.

కత్రినాకు ముందు 3 రోజులు

2005 ఆగస్టు 26, శుక్రవారం. కత్రినా ఫ్లోరిడా వైపు వెళ్తుందన్న అంచనా ఆ మధ్యాహ్నం పడమటికి జరిగి మిసిసిపీ, లూసియానాల మీదికి వచ్చింది. గవర్నర్ కాథ్లీన్ బ్లాంకో ఆ రోజే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. శనివారం ప్రెసిడెంట్ బుష్ ఫెడరల్ ఎమర్జెన్సీ ప్రకటించారు. సముద్రానికి దగ్గరగా ఉన్న ప్లాకమిన్స్, సెయింట్ చార్ల్స్ పారిష్‌లు అదే రోజు తప్పనిసరి ఉత్తర్వులిచ్చాయి. సాయంత్రం 4 గంటలకు కాంట్రాఫ్లో మొదలైంది. న్యూ ఓర్లీన్స్ మేయర్ రే నేగిన్ మాత్రం స్వచ్ఛందంగా వెళ్లమన్నారు. తప్పనిసరి అంటే హోటళ్లు, వ్యాపారాలు నష్టపరిహారం అడుగుతాయేమోనని నగర న్యాయవాదులు చూస్తున్నారని అప్పటి వార్తలు. ఆ రాత్రి హరికేన్ సెంటర్ డైరెక్టర్ మ్యాక్స్ మేఫీల్డ్ స్వయంగా మేయర్‌కు, గవర్నర్‌కు ఫోన్ చేశారు. ఆయన అలా ఫోన్ చేయడం అరుదు.

ఆదివారం ఉదయం 9:30 ప్రాంతంలో నేగిన్ తప్పనిసరి ఉత్తర్వు ఇచ్చారు. ఆ నగర చరిత్రలో అదే మొదటిసారి. కొద్దిసేపటికే దగ్గర్లోని స్లైడెల్ వాతావరణ కార్యాలయం నుంచి, ఈ ప్రాంతంలో చాలా భాగం వారాలపాటు నివాసయోగ్యంగా ఉండదని బులెటిన్ వచ్చింది. సోమవారం ఉదయం 6 దాటగానే కత్రినా బ్యూరస్ దగ్గర తీరం తాకింది.

ఇక్కడ లెక్క ఒకటి వేయాలి. లూసియానాలో దశలవారీ ప్రణాళిక ఉండేది. తుపాను గాలులు మొదలయ్యే వేళకు సముద్రానికి దగ్గరివాళ్లు 50 గంటల ముందు, తర్వాతి వాళ్లు 40 గంటల ముందు, చివరగా న్యూ ఓర్లీన్స్ 30 గంటల ముందు బయల్దేరాలి. అందరూ ఒకేసారి రోడ్డెక్కితే, బయటపడటానికి ఒకే దారి ఉన్న కింది పారిష్‌ల వాళ్లు ఇరుక్కుపోతారు. 2004లో ఐవాన్ అప్పుడు ట్రాఫిక్‌లో నరకం చూశాక సరిచేసుకున్న పద్ధతి ఇది. కాబట్టి "శుక్రవారమే ఎందుకు చెప్పలేదు" అని మేయర్‌ని నిలదీయడం పూర్తిగా న్యాయం కాదు. కానీ సోమవారం ఉదయం 6 నుంచి 30 గంటలు వెనక్కి లెక్కిస్తే శనివారం అర్ధరాత్రి అవుతుంది. ఉత్తర్వు వచ్చింది ఆదివారం ఉదయం. తీరం తాకిన వేళ నుంచి లెక్కించినా దాదాపు 10 గంటల ఆలస్యం, గాలులు మొదలైన వేళ నుంచి అయితే ఇంకా ఎక్కువే.

ఆ 10 గంటల మీద పుంఖానుపుంఖాలుగా వాదనలు నడిచాయి. నా ఉద్దేశంలో అవి అసలు విషయాన్ని పక్కకు నెట్టాయి. కారున్నవాళ్లు ఆ ఆలస్యంలోనూ వెళ్లిపోయారు. ఆ మహానగర ప్రాంతం నుంచి పది లక్షల మందికి పైగా బయటపడ్డారు. కాంట్రాఫ్లో బాగా పనిచేసింది. మిగిలిపోయినవాళ్లలో చాలామందికి 10 గంటలు ముందు చెప్పినా, 20 గంటలు ముందు చెప్పినా తేడా ఉండేది కాదు.

కారు లేని ఇళ్లు, కదలని బస్సులు

2000 జనాభా లెక్కల ప్రకారం న్యూ ఓర్లీన్స్‌లో నాలుగో వంతుకు పైగా ఇళ్లలో సొంత కారు లేదు. మనుషుల లెక్కన లక్షకు పైనే. పైగా అది నెలాఖరు. ఒకటో తారీఖు చెక్కు మీద బతికే ఇళ్లలో పెట్రోలుకూ హోటలుకూ డబ్బుల్లేవు. వీళ్లను "వెళ్లిపోండి" అనడం వరకే ఉత్తర్వు. ఎలా వెళ్లాలో అందులో లేదు.

ఆదివారం నగర బస్సులు తిరిగాయి. 12 చోట్ల జనాన్ని ఎక్కించుకున్నాయి. దించింది మాత్రం ఊరి బయట కాదు, ఊరి నడుమన ఉన్న సూపర్‌డోమ్ స్టేడియంలో. "చివరి ఆశ్రయం" అని దానికి పేరు పెట్టారు. తుపాను కంటే ముందే అక్కడ పది వేల మంది దాకా చేరారు. నగరాన్ని నీళ్ల నుంచి కాపాడే కట్టలు తెగి 80 శాతం ఊరు నీళ్లపాలయ్యాక ఆ సంఖ్య రెట్టింపు దాటింది. కప్పు చిరిగి, కరెంటు పోయి, మరుగుదొడ్లు పొంగిన ఆ స్టేడియం దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. అదే వారం ఇంకో ఫోటో పత్రికల్లో వచ్చింది: కిటికీల దాకా నీళ్లలో, వరుసలు చెదరకుండా నిలబడి ఉన్న పసుపు రంగు స్కూల్ బస్సులు.

ఆ బస్సులు ఎందుకు కదల్లేదు? డ్రైవర్లు దొరకలేదని మేయర్ అన్నారు. అది సాకు మాత్రమే కాదు. డ్రైవర్లకూ కుటుంబాలున్నాయి, వాళ్లూ ఖాళీ చేసి వెళ్లిపోయారు. తుపాను వేళ ఉండి నడపాలని వాళ్లతో ముందుగా ఒప్పందమేదీ లేదు. బస్సులు బయల్దేరినా ఏ ఊరి షెల్టర్‌కు వెళ్లాలో తేలలేదు. బస్సు ఒక్కటి చాలదు. డ్రైవరు, గమ్యం, అక్కడ పడుకోవడానికి చోటు, ఇవన్నీ ఒకే ఆఫీసు బల్ల మీద ఉండాలి. పెళ్లి పిలుపులు ఊరంతా వెళ్లాయి గానీ, పంక్తి ఎవరు వేయిస్తారో ఎవరూ అనుకోలేదన్నట్టుంది ఆ ఆదివారం.

ఇంత జరిగాక సెనేట్ విచారణలో తేలిందేమిటంటే, ఆ బాధ్యత కాగితం మీద ఒకరికి ఉంది! 2005 ఏప్రిల్‌లో సవరించిన రాష్ట్ర ప్రణాళిక, జనాన్ని తరలించే వాహనాల ఏర్పాటును రాష్ట్ర రవాణా శాఖకు అప్పగించింది. ఆ శాఖ అధిపతి కమిటీ ముందుకొచ్చి, దాని కోసం తాము ఏ ఏర్పాటూ చేయలేదని ఒప్పుకున్నారు. రోడ్లు వేసే శాఖ మాది, జనాన్ని తరలించడం మా పని కాదన్నది వాళ్ల ఆలోచన.

ఎవరి వాదన ఎంత నిలుస్తుంది

నగరం తరఫు వాదన: మా దగ్గరున్న డబ్బు, మనుషులు లక్ష మందిని దాటించడానికి చాలవు, రాష్ట్రం రావాలి. ఇందులో నిజముంది. కానీ నగర ప్రణాళికలోనే కారు లేని వాళ్ల ప్రస్తావన ఉంది. ఉందని తెలిసి వదిలేసిన సమస్య ఇది.

రాష్ట్రం తరఫు వాదన: కాంట్రాఫ్లో నడిపాం, లక్షల మందిని బయట పడేశాం. ఊళ్లో ఎవరికి కారు లేదో, ఎవరికి ఆక్సిజన్ సిలిండర్ కావాలో తెలిసేది స్థానికులకే. ఇదీ సబబే. తన సొంత ప్రణాళికలో రాసుకున్న పని చేయకపోవడానికి మాత్రం సమాధానం లేదు.

ఫెడరల్ తరఫు వాదన: చట్టప్రకారం మేం సహాయకులం. ముందే దూకితే రాష్ట్రాల అధికారంలో చొరబడ్డారంటారు. ఈ వాదనకు ఎదురు నిలిచేది 2004 జూలైలో జరిగిన 'హరికేన్ పామ్' కసరత్తు. ఊహాజనితమైన ఒక హరికేన్ న్యూ ఓర్లీన్స్‌ను తాకితే ఏమవుతుందని ఫెమా డబ్బుతోనే లెక్కలు వేశారు. 60 వేలకు పైగా మరణాలని తేలింది. ప్రమాదం ఎంతటిదో వాషింగ్టన్‌కు ఏడాది ముందే తెలుసు. అయితే ఆ కసరత్తు ఎక్కువగా తుపాను తర్వాతి రక్షణ మీదే నడిచింది.

ఇక నాలుగో వాదన: వ్యక్తి బాధ్యత. పెద్దవాళ్లం, హెచ్చరిక విన్నాం, ఉండాలో వెళ్లాలో మనదే నిర్ణయం అనేది అమెరికాలో చాలామంది నమ్మకం. కారు, డబ్బు ఉండి, బీచ్ ఇంట్లో పార్టీ చేసుకునేవాడి విషయంలో దీన్ని కాదనలేం. కత్రినాకు లూసియానాలో చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవాళ్లని తర్వాతి పరిశీలనలో తేలింది. వాళ్ల విషయంలో 'నిర్ణయం' అనే మాట ఎంతవరకు అతుకుతుందో పాఠకులే చూడండి. మొత్తం మృతులు 1,800కు పైగా అని చాలాకాలం చెప్పుకున్నారు. హరికేన్ సెంటర్ 2023లో ఆ సంఖ్యను 1,392కు సవరించింది.

కత్రినా తర్వాత మారినవి

2006లో చట్టాలు మారాయి. గవర్నర్ అడగకపోయినా అవసరమైతే ఫెమా ముందుగానే కదిలే వీలు వచ్చింది. పెంపుడు జంతువులను కూడా తరలింపు ప్రణాళికల్లో చేర్చాలని ఇంకో చట్టం వచ్చింది. కుక్కని వదిలి రామని ఎందరో ఇళ్లలో ఉండిపోయారు మరి. గేదెల్ని వదిలి షెల్టర్‌కు రానన్న రైతును చూసిన మన రెవెన్యూ ఉద్యోగులకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

న్యూ ఓర్లీన్స్ నగరం సొంతంగా ఓ పద్ధతి పెట్టుకుంది. తప్పనిసరి ఉత్తర్వు వస్తే కారు లేనివాళ్లు నిర్ణీత స్థలాలకు చేరాలి. అక్కడినుంచి యూనియన్ ప్యాసింజర్ టెర్మినల్ లాంటి కేంద్రాలకు, ఆపై వేరే ఊళ్ల షెల్టర్లకు ఉచితంగా తీసుకెళ్తారు. ఈ స్థలాలు గుర్తుండటానికి 2013లో ఎత్తయిన ఉక్కు విగ్రహాలు పెట్టారు. ఒంటి చేయి పైకెత్తి బండి ఆపుతున్న మనిషి ఆకారం. రాత్రి పూటయినా, చదవడం రాకపోయినా గుర్తుపట్టొచ్చు.

2008 సెప్టెంబర్ 1న గుస్తావ్ వచ్చినప్పుడే ఈ పద్ధతి మొదటి పరీక్ష ఎదుర్కొంది. దక్షిణ లూసియానా నుంచి 19 లక్షల మంది దాకా వెళ్లారు. వారిలో న్యూ ఓర్లీన్స్ నగరం బస్సులు, రైళ్ల సాయంతో పంపినవాళ్లే 18 వేల మంది దాకా ఉన్నారు. అదే మేయర్, అదే నగరం. ఈసారి పని ఎవరిదో ముందే రాసుకున్నారు.

టైం చాలకపోతే ఎవరి తప్పు?

ఇక్కడితో కథ సుఖాంతం అనుకోవడానికి లేదు. ఈ ఏర్పాటంతా కదలడానికి సుమారు 72 గంటలు కావాలి. 2021లో ఐడా ఆగస్టు 26 గురువారం పుట్టింది, 29 ఆదివారం పోర్ట్ ఫూర్షాన్ దగ్గర తీరం తాకింది. గంటకు 150 మైళ్ల గాలి. మధ్యలో ఉన్నది మూడు రోజులే, అది ఇంత తీవ్రమవుతుందని స్పష్టమయ్యేసరికి అదీ కరిగిపోయింది. మేయర్ లటోయా కాంట్రెల్ శుక్రవారమే చెప్పేశారు: కట్టల లోపలున్న నగరానికి తప్పనిసరి ఉత్తర్వు ఇవ్వడానికి టైం లేదు, హైవే మీద ఇరుక్కోవడం కంటే ఇంట్లో ఉండటమే మేలని. ఉక్కు విగ్రహాల దగ్గరికి బస్సులు రాలేదు. కొత్త కట్టలు నిలబడ్డాయి గానీ, నగరమంతా కరెంటు పోయి ఎండకు జనం అల్లాడారు. బస్సుల్లో తీసుకెళ్లడం తుపాను వెళ్లాక మొదలైంది.

2022లో ఇయాన్‌ది ఇంకో రకం. మొదట టాంపా వైపు వస్తుందనుకున్నారు, తర్వాత దక్షిణానికి తిరిగి సెప్టెంబర్ 28న లీ కౌంటీ తీరాన్ని తాకింది. పక్క కౌంటీలు 26ననే ఉత్తర్వులిస్తే లీ కౌంటీ 27 ఉదయం ఇచ్చింది. కౌంటీ సొంత ప్రణాళికలోనే, 6 అడుగుల ఉప్పెనకు 10 శాతం అవకాశం కనిపించినా తీరప్రాంత జోన్ ఖాళీ చేయించాలని ఉందని పత్రికలు బయటపెట్టాయి. సమాచారం వచ్చిన వెంటనే నిర్ణయం తీసుకున్నామని కౌంటీ, గవర్నర్ సమర్థించుకున్నారు. ఫ్లోరిడాలో సుమారు 150 మంది చనిపోతే వాళ్లలో సగానికి దగ్గరగా లీ కౌంటీ వాళ్లే. హరికేన్ సెంటర్ మ్యాపులో గీసే గరాటు ఆకారం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. తుపాను కేంద్రం మూడింట రెండు సార్లు దాని లోపల ఉంటుందని మాత్రమే ఆ గీత అర్థం. గీతకు అవతల ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఎక్కువమంది వెళ్లినా ప్రమాదమే

ముందుగా అందరినీ పంపేస్తే పోలేదా? పోతుంది, ప్రాణాలతో సహా. కత్రినా దృశ్యాలు చూసి భయపడిన హ్యూస్టన్ జనం మూడు వారాల తర్వాత రీటా వస్తోందంటే 25 లక్షలకు పైగా ఒక్కసారి రోడ్డెక్కారు. తమ జోన్‌కు ఉత్తర్వు లేనివాళ్లు కూడా బయల్దేరారు. హైవేలు గంటల తరబడి కదల్లేదు, పెట్రోలు అయిపోయింది, ఎండ మండిపోయింది. ఆ ప్రయాణంలోనే వంద మంది దాకా చనిపోయారు. డాలస్ దగ్గర విల్మర్‌లో ఒక వృద్ధాశ్రమం వాళ్లను తీసుకెళ్తున్న బస్సుకు చక్రం దగ్గర నిప్పంటుకుని 23 మంది కాలిపోయారు. లోపల ఆక్సిజన్ సిలిండర్లున్నాయి.

2017లో హార్వీ అప్పుడు మేయర్ సిల్వెస్టర్ టర్నర్ హ్యూస్టన్‌ను ఖాళీ చేయించకపోవడం వెనక రీటా భయముంది. గవర్నర్ గ్రెగ్ అబాట్ వీలైనవాళ్లు వెళ్లడం మంచిదన్నారు. మేయర్, కౌంటీ జడ్జి ఉన్నచోటే ఉండమన్నారు. జనం ఎవరి మాట వినాలి? టెక్సాస్‌లో ఉత్తర్వు ఇవ్వాల్సింది మేయర్, కౌంటీ జడ్జి కాబట్టి ఆ మాటే చెల్లింది. హార్వీ హ్యూస్టన్‌కు తెచ్చింది ఉప్పెన కాదు, రోజుల తరబడి వాన. ఏ వీధి మునుగుతుందో ముందు చెప్పలేని వాన నీటికి 60 లక్షల మందిని రోడ్డు మీద పెట్టడం నీళ్లలోకి పంపడమే అయ్యేదని టర్నర్ వాదన. నాకు అది సరైనదే అనిపిస్తుంది. ఉప్పెన జోన్లో అదే నిర్ణయం తీసుకుంటే మాత్రం నేరమే.

టాంపాలో ఒక అపార్ట్‌మెంటు: ఉదాహరణకు

ఊహించుకుందాం. టాంపా ఉండే హిల్స్‌బరో కౌంటీలో, ఉప్పెన ముప్పును బట్టి ఎ, బి అంటూ గీసిన జోన్లలో జోన్ బిలో ఒక అపార్ట్‌మెంటు. ఒక ఫ్లాట్‌లో తెలుగు దంపతులు, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు. పై ఫ్లాట్‌లో కారు లేని ఇద్దరు ఎమ్మెస్ విద్యార్థులు. పక్క ఫ్లాట్‌లో ఆక్సిజన్ మీదున్న ఒంటరి పెద్దావిడ. మిల్టన్ లాంటి హరికేన్ వస్తోంది.

జోన్ ఎ, బి వాళ్లు, మొబైల్ హోముల్లో ఉన్నవాళ్లందరూ ఖాళీ చేయాలని చెప్పేది కౌంటీ. మిల్టన్ అప్పుడు సరిగ్గా అదే చెప్పింది. హైవే అంచు లేన్‌లో కూడా బండ్లు నడవనిచ్చేది, టోల్ ఎత్తేసేది రాష్ట్రం. ఫెడరల్ సాయం వెనక నుంచి ఆ రాష్ట్రానికి అందుతుంది. దంపతులు తమ కారులో అత్తమామలతో వెళ్లాలి. ఖర్చు వాళ్లదే. అట్లాంటా దాకా పరిగెత్తాల్సిన పని లేదు. ఉప్పెన జోన్ దాటి పదుల మైళ్లు వెళ్తే చాలని ఫ్లోరిడా అధికారులు మొత్తుకుంటూనే ఉంటారు. విద్యార్థులకు కౌంటీ బస్సులు షెల్టర్ దాకా ఉచితం, కానీ గాలి పెరగకముందే ఎక్కాలి. పెద్దావిడ ముందుగా పేరు నమోదు చేసుకుని ఉంటే కౌంటీ ఆమెను ప్రత్యేక షెల్టర్‌కు చేరుస్తుంది. ఆ రిజిస్టర్ ప్రతి కౌంటీలో ఉండాలని ఫ్లోరిడా చట్టం చెబుతోంది. నమోదు చేసుకోకపోతే? అప్పుడు ఆమె బాధ్యత పక్క ఫ్లాట్ వాళ్ల మంచితనం మీద ఆధారపడుతుంది.

ఆవిడే నర్సింగ్ హోమ్‌లో ఉంటే లెక్క మారుతుంది. అక్కడ తరలించాల్సింది యాజమాన్యం. కత్రినాలో సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లోని ఒక హోమ్‌లో ఖాళీ చేయించకపోవడంతో 35 మంది మునిగి చనిపోయారు. యజమానుల మీద కేసు పెట్టారు, 2007లో జ్యూరీ నిర్దోషులంది. ఐడా అప్పుడు ఇంకో యజమాని ఖాళీ అయితే చేయించాడు గానీ, ఏడు హోముల నుంచి 800 మందికి పైగా వృద్ధులను తెచ్చి ఒక గోడౌన్‌లో పరుపుల మీద పడుకోబెట్టాడు. కొందరు చనిపోయారు. ఆ ఏడు హోముల లైసెన్సులు రద్దు చేశారు.

ఆఖరికి బిల్లు

బాధ్యత లెక్కలో చాలామంది మర్చిపోయేది హోటల్ బిల్లు. అమెరికాలో కొన్ని ఇంటి బీమా పాలసీలు, ప్రభుత్వం తప్పనిసరిగా ఖాళీ చేయమంటే ఆ రోజుల హోటల్, భోజనం ఖర్చు ఇస్తాయి. ఐడా అప్పుడు న్యూ ఓర్లీన్స్ వాళ్లకు మేయర్ తప్పనిసరి ఉత్తర్వు ఇవ్వలేదు కదా, అందుకే కొన్ని కంపెనీలు క్లెయిములు తిప్పికొట్టాయి. టైం లేక ఇవ్వలేదన్న సంగతి పాలసీ కాగితానికి పట్టదు. చివరికి లూసియానా బీమా కమిషనర్ జిమ్ డొనెలన్, తప్పనిసరి ఉత్తర్వు లేకపోయినా ఆ ఖర్చులు చెల్లించాలని కంపెనీలకు ఆదేశం జారీ చేయాల్సి వచ్చింది. అప్పటికి జనం ఇళ్లకు తిరిగొస్తున్నారు.